సూర్యుడు ఉగ్రంగా ఉన్నప్పుడు వ్యోమగామికి రేడియేషన్ పెరుగుతుందా, తగ్గుతుందా?

పెన్నాతీరం
నేను నెల్లూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 బయలుదేరినప్పుడు మా పిల్లలు బడి మేడ మీద నిలబడి ఆ పొగచారను చూశారు. అప్పటి నుంచి సూర్యుని గురించిన ప్రశ్నలు ఆగలేదు. మొన్న సౌర తుఫానుల గురించి చెబుతూ, సూర్యుడు ఉగ్రంగా ఉన్న సంవత్సరాల్లో వ్యోమగాములకు రేడియేషన్ ముప్పు ఎక్కువని అన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు గడిపినవారికి సూర్యుడు ఉగ్రంగా ఉన్న కాలంలో దాదాపు 80 మిల్లీసీవర్టులు (రేడియేషన్ వల్ల ఒంటికి కలిగే హానిని కొలిచే ప్రమాణం), శాంతంగా ఉన్న కాలంలో దాదాపు 160 మిల్లీసీవర్టులు అందుతాయని తాను చదివానని, నేను చెప్పినది దానికి తలకిందులుగా ఉందని చెప్పింది. రేపు చెబుతానని కూర్చోబెట్టాను. ఆ రేపు ఇంకా రాలేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరా? పిల్లకు పొడి మాటలు చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు.

టీఎల్‌డీ_బ్యాడ్జి
మాస్టారూ, ఆ అమ్మాయి చెప్పినదీ నిజమే, మీరు చెప్పినదీ నిజమే. అంతరిక్షంలో రేడియేషన్ ఒక్క చోటు నుంచి రాదు. సూర్యుని నుంచి అప్పుడప్పుడు విరుచుకుపడే ప్రోటాన్ల వరద ఒకటి. ఎక్కడో పేలిపోయిన నక్షత్రాల నుంచి పగలూ రాత్రీ సన్నగా కురుస్తూనే ఉండే విశ్వకిరణాలు మరొకటి. సూర్యుడు ఉగ్రమైతే మొదటిది పెరుగుతుంది, రెండవది తగ్గుతుంది. భూమికి దగ్గరగా తిరిగే అంతరిక్ష కేంద్రానికి మన అయస్కాంత క్షేత్రం గొడుగు పడుతుంది కనుక మొదటిదాని పోటు అక్కడ చాలావరకు తగలదు. అందుకే ఆ లెక్క అలా కనిపిస్తుంది.

కొలతలు తెలియాలంటే పోలిక కావాలి. నేను హైదరాబాదులో ఒక కేన్సరు ఆసుపత్రిలో వికిరణ భద్రతాధికారిని. నా చొక్కాకు ఎప్పుడూ ఉండే, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జిని మూడు నెలలకొకసారి కొలతకు పంపుతాము. మన దేశపు నిబంధన ప్రకారం నాకు అయిదేళ్ళలో కలిపి 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు దాటకూడదు. నేల మీద మామూలు మనిషికి ప్రకృతి నుంచి అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. అంటే ఆ అమ్మాయి చెప్పిన తక్కువ అంకె కూడా నా ఏడాది పరిమితికి రెండున్నర రెట్లకు పైనే, అదీ ఆరు నెలల్లో.

బెలూనుదారం
టీఎల్‌డీ గారు ముడి విప్పారు. దాని వెనుక ఉన్న కారణం నేను చెబుతాను.

సూర్యుని నుంచి విద్యుదావేశమున్న కణాల గాలి అన్ని దిక్కులకూ వీస్తూనే ఉంటుంది. ఆ సౌరపవనం సూర్యుని అయస్కాంత క్షేత్రాన్ని కూడా తనతో ఈడ్చుకుపోతూ గ్రహాలన్నింటినీ దాటి చాలా దూరం వరకు ఒక పెద్ద బుడగను నిలిపి ఉంచుతుంది. బయటి నుంచి వచ్చే విశ్వకిరణాలు ఆవేశమున్న కేంద్రకాలే కనుక, అవి లోపలికి రావాలంటే ఈ గాలికి ఎదురీదాలి. సూర్యుడు ఉగ్రంగా ఉన్న సంవత్సరాల్లో ఆ క్షేత్రం బలంగానూ, ముడులు పడి గజిబిజిగానూ ఉంటుంది కనుక శక్తి తక్కువగా ఉన్న విశ్వకిరణాలు దారిలోనే చెదిరిపోతాయి. సూర్యుడు శాంతిస్తే దారి తెరుచుకుంటుంది. 2009లో సూర్యుడు అసాధారణంగా నిద్రపోయినప్పుడు విశ్వకిరణాల జోరు అంతకుముందు అంతరిక్షయుగంలో కొలిచిన గరిష్ఠం కంటే దాదాపు 19 శాతం ఎక్కువగా నమోదైంది.

ఇది ఏళ్ళ మీద జరిగే మార్పు. రోజుల మీద జరిగేది కూడా ఒకటి ఉంది. సూర్యుని నుంచి పెద్ద మేఘం ఒకటి విడివడి భూమిని దాటిపోయినప్పుడు విశ్వకిరణాల లెక్క గంటల వ్యవధిలో పడిపోయి, కోలుకోవడానికి కొన్ని రోజులు తీసుకుంటుంది. స్కాట్ ఫోర్బుష్ అనే ఆయన 1937లో దీనిని గమనించారు కనుక ఆయన పేరే పెట్టారు. తుఫాను వచ్చి ఆకాశాన్ని ఊడ్చి పెట్టినట్లన్నమాట.

నేను చాలా ఏళ్ళు హైదరాబాదులో శాస్త్ర పరిశోధన బెలూన్లు ఎగరేసే పనిలో ఉన్నాను. ఆ పనికి మన హైదరాబాదు ఎందుకు అనువైనదో చాలామందికి తెలియదు. అది భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల విశ్వకిరణ ప్రోటాను మన నెత్తి మీదికి నిటారుగా దిగాలంటే దానికి దాదాపు 16, 17 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. అంతకంటే చిన్నవి పక్కకు మళ్ళిపోతాయి. అవి అడ్డురావు కనుక దూరపు ఎక్స్ కిరణాలనూ గామా కిరణాలనూ వెతికేవారికి ఇక్కడి ఆకాశం శుభ్రంగా ఉంటుంది. మీ పిల్లలకు ఇది తప్పక చెప్పండి. తెలుగునేల మీద నిలబడినవాడు ప్రపంచంలోకెల్లా గట్టి అయస్కాంతపు గొడుగుల్లో ఒకదాని కింద ఉన్నాడు.

హ్యూస్టన్_గోదారి
అయితే ఆ గొడుగు దాటి బయటికి వెళ్ళినవాని సంగతి వేరు. 1972 ఏప్రిల్ 27న చంద్రుని నుంచి అపోలో 16 తిరిగి వచ్చింది, డిసెంబరు 7న అపోలో 17 బయలుదేరింది. ఆ రెంటికీ నడుమ ఆగస్టు 4న సూర్యుని నుంచి ప్రోటాన్ల వరద ఒకటి వచ్చింది. అది చంద్రుని మీద కేవలం స్పేస్ సూటు వేసుకుని నడిచే మనిషికి తగిలి ఉంటే వాంతులతో మొదలయ్యే వికిరణ వ్యాధి వచ్చేంత తీవ్రమైనది. ఆ తుఫాను భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఎంతగా కుదిపిందంటే, వియత్నాం తీరంలో అమెరికా నౌకాదళం పరిచిన సముద్రపు మందుపాతరలు అనేకం వాటంతటవే పేలిపోయాయి. ఆ నెలలో చంద్రుని మీద ఎవరూ లేకపోవడం అదృష్టం తప్ప, ఎవరూ ముందుగా ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. కనుక మాస్టారు పిల్లలకు చెప్పిన ముప్పు మాటను వెనక్కి తీసుకోవలసిన పని లేదు.

అడుగడుగునా_అనుమానం
ఇక్కడ నాకొక సందేహం. భూమి చుట్టూ వాన్ అలెన్ వలయాలున్నాయని, వాటిలో రేడియేషన్ ప్రాణాంతకమని అంటారు కదా. అపోలో వారు వాటి గుండా వెళ్ళి ఎలా బతికారు? నేను వాదనకు అడగడం లేదు, మా ఇంట్లో కుర్రవాడు అడిగితే చెప్పలేకపోయాను.

టీఎల్‌డీ_బ్యాడ్జి
చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు "ఎంతసేపు" అన్న మాటలో ఉంది. మాకు శిక్షణలో మొదటి రోజున నేర్పే మూడు మాటలు కాలం, దూరం, అడ్డు. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాలతో నిండిన ఆ వలయాలను 1958లో కనుగొన్నారు, వాటిలో నెలల తరబడి కూర్చుంటే ప్రమాదమే. అపోలో నౌకలు గట్టి భాగాన్ని తప్పించే దారిలో, అతి వేగంగా, కొన్ని గంటల్లో దాటిపోయాయి. వ్యోమగాముల వద్ద కొలత పరికరాలున్నాయి, లెక్కలు ప్రచురించారు. అన్ని యాత్రల్లోకీ ఎక్కువ మోతాదు అపోలో 14 వారికి అందింది, అది సగటున 11.4 మిల్లీగ్రేలు (గ్రే అంటే ఒళ్ళు పీల్చుకున్న రేడియేషన్ శక్తికి కొలత). పొట్టకు ఒకటి రెండు సీటీ స్కాన్లు తీస్తే అందేదానికి దగ్గరగా ఉంటుంది. ఆ యాత్రలలో ఏ పెద్ద సౌర తుఫానూ రాకపోవడం వల్లనే ఆ అంకె అంత చిన్నదిగా ఉంది. ఆ సంగతి గోదారి గారు పైన చెప్పనే చెప్పారు.

అడుగడుగునా_అనుమానం
అర్థమైంది. ఇలా అంకెతో చెబితే మా వాడు ఒప్పుకుంటాడు.

పెన్నాతీరం
అందరికీ కృతజ్ఞతలు. ఇంకొకటి అడుగుతాను. పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ సౌరజ్వాల, సౌర తుఫాను, కరోనా విసర్జన అని రకరకాలుగా రాస్తారు. ఇవన్నీ ఒకటేనా? హెచ్చరిక ఎంత ముందుగా అందుతుంది?

చంద్రవంక
నేను ఈ విషయం మీదనే పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. ఒకటి కావు, మాస్టారూ. అవి కలిసి రావచ్చు, విడివిడిగానూ రావచ్చు. పిల్లలకు చెప్పేటప్పుడు అవి చేరుకునే వేగాన్నిబట్టి వేరు చేయడం తేలిక.

జ్వాల అంటే వెలుగు, ఎక్స్ కిరణాలు. అవి కాంతివేగంతో ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో వస్తాయి. అంటే జ్వాలను మనం చూసేటప్పటికే అది వచ్చేసింది. నౌక గోడలు ఆ ఎక్స్ కిరణాలను ఆపగలవు కనుక వ్యోమగామికి దాని వల్ల నేరుగా పెద్ద హాని లేదు. అసలు హాని చేసేవి వెనుక వచ్చే ప్రోటాన్లు. వాటిలో చురుకైనవి అరగంటలోపే చేరవచ్చు, 2005 జనవరి 20న అలాగే జరిగింది. మిగిలినవి గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి వస్తూనే ఉంటాయి. మూడవది సూర్యుని వెలుపలి వాతావరణమైన కరోనా నుంచి విడివడే పదార్థపు మేఘం. దానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 1972 ఆగస్టులో వచ్చినది మాత్రం పదిహేను గంటలలోపే చేరింది. భూమి మీద ధ్రువకాంతులు, విద్యుత్ గ్రిడ్ల ఇబ్బందులు ఈ మేఘం వల్లనే. 2024 మే 10, 11 తేదీల్లో లదాఖ్‌లోని హాన్లే నుంచి ఎర్రని ధ్రువకాంతి కనిపించింది కూడా దీని వల్లనే.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటాడు కనుక అతని నుంచి బయలుదేరే అయస్కాంత రేఖలు తోటలో తిరిగే నీటి పిచికారీ ధారల్లాగా వంపు తిరిగి ఉంటాయి. ప్రోటాన్లు ఆ వంపు వెంటే నడుస్తాయి. మనకు కనిపించే సూర్యబింబంలో పడమటి వైపు పుట్టిన పేలుడు భూమికి ఆ రేఖల ద్వారా కలిసి ఉండే అవకాశం ఎక్కువ. తూర్పు వైపు పుట్టినది ఎంత పెద్దదైనా దాని ప్రోటాన్లు మనను చేరకపోవచ్చు, లేదా ఆలస్యంగా రావచ్చు. అందుకే "పెద్ద జ్వాల వచ్చింది, కనుక పెద్ద ప్రమాదం" అనే వార్తను అలాగే నమ్మకూడదు. ఎక్కడ వచ్చిందో అడగాలి. ఇదే కారణం చేత భూమికి తగలనిది అంగారకుని మీద పడవచ్చు. 2024 మే 20న నాసా పంపిన క్యూరియాసిటీ అనే రోవరు బండి అంగారకుని నేల మీద ఒక్క సౌర తుఫానులో 8,100 మైక్రోగ్రేలు కొలిచింది. అది దిగిన పన్నెండేళ్ళలో అంత పెద్దది చూడలేదు.

ఆదిత్య-ఎల్1 సంగతి కూడా చెబుతాను. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుని దిక్కున ఉంది. అక్కడి కణ పరికరాలకు మేఘం తగిలిన తరువాత మనకు మిగిలే వ్యవధి గంట లోపే. ప్రోటాన్లకైతే ఆ దూరం లెక్కలోనికి రాదు. అయితే దానిలోని, కరోనాను చిత్రీకరించే కరోనాగ్రాఫు పరికరం మేఘం సూర్యుని వద్ద పుట్టేటప్పుడే చూడగలదు. ఎక్కువ వ్యవధి ఇచ్చేది ఆ చూపే.

బెలూనుదారం
చంద్రవంక అమ్మాయి చక్కగా చెప్పింది. నేను ముందు రాసినదానికి ఒక సవరణ జోడించాలి. తుఫాను ఆకాశాన్ని ఊడుస్తుందని అన్నాను. కాని అదే తుఫాను మన గొడుగుకు చిల్లులు కూడా పెట్టగలదు. ఊటీలో గ్రేప్స్-3 అనే విశ్వకిరణ ప్రయోగశాల ఉంది. 2015 జూన్ 22న పెద్ద మేఘం ఒకటి భూమిని కొట్టినప్పుడు విశ్వకిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యూయాన్ కణాలను లెక్కించే అక్కడి దుర్భిణికి రెండు గంటల పాటు లెక్క పెరిగింది. అయస్కాంత కవచం తాత్కాలికంగా బలహీనపడి, సాధారణంగా లోపలికి రాలేని కణాలు వచ్చాయని శాస్త్రవేత్తలు వివరించారు. ఊటీ కూడా హైదరాబాదు లాగే గట్టి గొడుగు కింద ఉన్న ఊరే. కనుక సూర్యుని ఉగ్రత వల్ల మేలా కీడా అని ఒక్క ముక్కలో తేల్చడం కుదరదు.

ముప్పైఆరువేల_అడుగులు
గొడుగు మాట వచ్చింది కనుక నా అనుభవం చెబుతాను. నేను తొమ్మిదేళ్ళుగా విమానంలో కేబిన్ సిబ్బందిని. అమెరికా వెళ్ళే దారుల్లో ఉత్తర ధ్రువానికి దగ్గరగా చాలాసార్లు ఎగిరాను. అక్కడ భూమి అయస్కాంత రేఖలు నేలలోనికి దిగుతాయి కనుక గొడుగు ఉండదని నాకు ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళ తరువాత గానీ తెలియలేదు. మా సంస్థలో ఎవరూ చెప్పలేదు. నేను గర్భవతినైన సంగతి తెలిసిన నెలలో కూడా రెండు ధ్రువ మార్గపు డ్యూటీలు చేశాను. ఆ తరువాత ఒక డాక్టరమ్మ చెబితే తెలిసింది. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది, ఇప్పుడు బడికి వెళుతోంది. కాని తెలియకుండా చేసినందుకు ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది. టీఎల్‌డీ గారూ, మాకు ఎంత అందుతుంది?

టీఎల్‌డీ_బ్యాడ్జి
అమ్మా, మీ బాధ న్యాయమైనది. దూరపు మార్గాల సిబ్బందికి ఏడాదికి సుమారు 2 నుంచి 5 మిల్లీసీవర్టులు అందుతాయి. అది నా వంటి ఆసుపత్రి ఉద్యోగుల్లో చాలామందికి అందేదానికంటే ఎక్కువ, అయినా మీ దగ్గర బ్యాడ్జి ఉండదు. గర్భం సంగతి తెలియజేసిన తరువాత కడుపులోని బిడ్డకు ఒక మిల్లీసీవర్టు దాటకూడదన్నది అంతర్జాతీయ సూచన. రెండు మూడు ధ్రువయాత్రల్లో మామూలు రోజుల్లో ఆ పరిమితి దాటదు. బిడ్డ గురించి మీరు దిగులు పడవలసిన పని లేదు. ఐరోపాలో 1996 నుంచే విమాన సిబ్బంది మోతాదు లెక్కగట్టాలని, గర్భిణుల డ్యూటీలు మార్చాలని నిబంధన ఉంది. మన దగ్గర కూడా ప్రతి సంస్థా ఆ లెక్క సిబ్బంది చేతికి ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. సౌర ప్రోటాన్ల తుఫాను తీవ్రంగా ఉన్నప్పుడు విమానాలను ధ్రువ మార్గం నుంచి దక్షిణానికి మళ్ళిస్తారు, అది చాలావరకు రేడియో సంబంధం తెగిపోతుందన్న భయం వల్ల.

ముప్పైఆరువేల_అడుగులు
మీ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. ఈ రాత్రికి ఇది మా వారికి చదివి వినిపిస్తాను.

కృష్ణలంక
నాకు శాస్త్రం తెలియదు, కాని ఒకటి అడగాలని ఉంది. మా నాన్నగారికి మెదడులో గడ్డ వస్తే ఆపరేషన్ తరువాత ముప్పై రోజులు రేడియేషన్ ఇచ్చారు. కాగితం మీద 60 గ్రేలు అని రాసి ఉంది. ఇక్కడ మీరు మిల్లీగ్రేలకు, మిల్లీసీవర్టులకు ఇంత భయపడుతున్నారు. మరి మా నాన్నగారికి అంత ఎలా ఇచ్చారు? ఇంకొక సంగతి. యంత్రం నడుస్తున్నప్పుడు కళ్ళు మూసుకున్నా నీలిరంగు వెలుగు కనిపించిందని ఆయన మాకు చెప్పేవారు. అక్కడి కుర్రవాడు అది భ్రమ అన్నాడు. ఆయన చివరి వరకూ "నేను చూశానమ్మా" అనేవారు. వ్యోమగాములకు కూడా కళ్ళు మూసుకుంటే మెరుపులు కనిపిస్తాయని ఎక్కడో విని ఇక్కడ అడుగుతున్నాను.

టీఎల్‌డీ_బ్యాడ్జి
మీ నాన్నగారు చూసినది నిజం. ఆయనది భ్రమ కాదు. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి.

చికిత్సలోని కిరణాలు కంటిలోని ద్రవం గుండా వెళ్ళేటప్పుడు పుట్టే ఎలక్ట్రాన్లు ఆ ద్రవంలో కాంతి ప్రయాణించే వేగాన్ని మించి కదులుతాయి. అప్పుడు చెరెంకోవ్ కాంతి అనే నీలి వెలుగు పుడుతుంది. అణు రియాక్టరు కొలనులో కనిపించేది కూడా అదే. ఇటీవలి కాలంలో చికిత్స జరుగుతున్న రోగి కంటి నుంచి వచ్చే ఆ వెలుగును కెమెరాతో చిత్రీకరించారు. చాలామంది రోగులు ఈ మాట చెప్పారు, చాలామందిని నమ్మలేదు. నేను మా విభాగంలో ఇప్పుడు మొదటి రోజునే ప్రతి రోగికీ, అలాంటి వెలుగు కనిపించవచ్చు, కంగారు పడవద్దు అని చెప్పిస్తున్నాను.

వ్యోమగాముల విషయంలో, అపోలో 11లోనే బజ్ ఆల్డ్రిన్ కళ్ళు మూసుకున్నా మెరుపులు కనిపించాయని చెప్పారు. బరువైన విశ్వకిరణ కేంద్రకం ఒకటి నేరుగా రెటీనా గుండా దూసుకుపోయినప్పుడు అలా కనిపిస్తుంది. మనిషి తన ఒంటిలో నుంచి ఒక్క కణం వెళ్ళడాన్ని కంటితో గుర్తుపట్టగల సందర్భం ఇంకొకటి నాకు తెలియదు.

ఇక మోతాదు సంగతి. మీ నాన్నగారికి 60 గ్రేలు గడ్డ ఉన్న చిన్న చోటికే, రోజుకు రెండు చొప్పున, ఆరోగ్యంగా ఉన్న కణాలు రాత్రికి రాత్రి తేరుకునే వ్యవధి ఇస్తూ ఇచ్చారు. అదే 60 గ్రేలు ఒళ్ళంతటికీ ఒక్కసారిగా తగిలితే ఎవరూ బతకరు. అంతరిక్షంలో మోతాదు చిన్నదే, కాని ఒళ్ళంతటికీ, ప్రతి నిమిషమూ, ఆ చోటిలో తప్పించుకునే వీలు లేకుండా తగులుతుంది. పైగా ఇనుము వంటి కేంద్రకం ఒక్కటి వెళ్ళిన దారి వెంట డీఎన్‌ఏను తెంపే తీరు మా యంత్రాల కిరణాలకు లేదు. అందుకే గ్రేలతో సరిపెట్టక సీవర్టుల్లో లెక్కిస్తారు.

కృష్ణలంక
మా అమ్మకు ఇప్పుడే చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మీకు రుణపడి ఉంటాను.

హ్యూస్టన్_గోదారి
మాస్టారి ప్రశ్నకు తిరిగి వస్తాను. దీని అసలు బరువు అంగారక యాత్రలో తెలుస్తుంది. క్యూరియాసిటీ దారిలో ఉన్నప్పుడు రోజుకు దాదాపు 1.8 మిల్లీసీవర్టులు, అంగారకుని నేల మీద దాదాపు 0.64 మిల్లీసీవర్టులు కొలిచింది. పోను ఆరు నెలలు, రాను ఆరు నెలలు, అక్కడ అయిదు వందల రోజులు అనుకుంటే మొత్తం ఒక సీవర్టుకు చాలా దగ్గరగా వస్తుంది. నాసా తన వ్యోమగామికి ఉద్యోగకాలమంతటికీ పెట్టిన పరిమితి 600 మిల్లీసీవర్టులు. అంటే ఒక్క యాత్రతోనే పరిమితి దాటిపోతుంది. నా దృష్టిలో జవాబు స్పష్టం. సూర్యుడు ఉగ్రంగా ఉన్న సంవత్సరాల్లోనే వెళ్ళాలి. అప్పుడు విశ్వకిరణాలు తగ్గుతాయి. వాటిని అడ్డుకునే గోడ మన దగ్గర లేదు. సౌర ప్రోటాన్లకైతే ఉంది. 2021లో వెలువడిన ఒక పరిశోధన కూడా సౌర గరిష్ఠ కాలంలో, నాలుగేళ్ళ లోపు ముగిసే యాత్రనే సూచించింది.

చంద్రవంక
ఇక్కడ నేను మీతో ఏకీభవించలేను. విశ్వకిరణాల మోతాదు ముందుగా లెక్కగట్టగలిగినది. నెల జీతంలాగా ఎంత వస్తుందో తెలుసు. సౌర తుఫాను ఎప్పుడు వస్తుందో, ఎంత పెద్దదో చెప్పగల విద్య ఇంకా మన చేతికి రాలేదు. అంగారకుని దారిలో ఉన్నవారు సూర్యునికి అవతలి వైపు ఉంటే భూమి నుంచి మనకు ఆ ముఖమే కనిపించదు. అలాంటప్పుడు 1972 వంటిది నౌక బయట మరమ్మతు చేస్తున్న మనిషికి తగిలితే, పదేళ్ళ తరువాత వచ్చే కేన్సరు అవకాశం గురించి కాక ఆ వారంలో ప్రాణం గురించి ఆలోచించవలసి వస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లుంది. అలాంటి చోట లోతు తెలిసినదాని వైపే నేను నిలబడతాను.

బెలూనుదారం
ఇద్దరి మాటల్లోనూ సారం ఉంది. ఒక్క సంగతి గుర్తు చేస్తాను. ఆ 1.8 అంకె 2011 చివర నుంచి 2012 నడిమి వరకు, సూర్యుని చురుకుదనం పెరుగుతున్న కాలంలో కొలిచినది. 2009 వంటి శాంతకాలంలో కొలిచి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేది. ఆ లెక్కన నేను గోదారి గారి వైపు కొంత మొగ్గుతాను.

అడుగడుగునా_అనుమానం
గోడ మందంగా కడితే సరిపోదా? సీసం పలకలు వేస్తే?

చంద్రవంక
అక్కడే కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. బరువైన విశ్వకిరణ కేంద్రకం సీసం వంటి పెద్ద పరమాణువులను ఢీకొంటే ముక్కలై, న్యూట్రాన్లతో సహా కొత్త కణాల జల్లు పుడుతుంది. ఒక మందం దాటిన తరువాత గోడే రేడియేషన్‌ను పుట్టించడం మొదలుపెడుతుంది. గోదారి గారు చెప్పిన 2021 పరిశోధన కూడా ఈ హెచ్చరిక చేసింది. హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న వస్తువులు మేలు. నీళ్ళు, పాలిథీన్, ఆహారపు సంచులు అన్నీ అడ్డుకు పనికివస్తాయి.

హ్యూస్టన్_గోదారి
సంచుల మాట నిజం. చంద్రయాత్రల కోసం నాసా కట్టిన ఒరాయన్ నౌకలో ఉండగా సౌర తుఫాను వస్తే వ్యోమగాములు నేల కింది అరల్లోని సామాను సంచులను బయటికి తీసి చుట్టూ పేర్చుకుని, ఆ అరల్లోనే దూరి కూర్చోవాలి. ప్రత్యేకంగా బరువు మోసుకుపోకుండా ఉన్న సామానునే గోడగా చేసుకునే ఉపాయం. 2022 నవంబరులో ఆ నౌక మనుషులు లేకుండా చంద్రుని దాకా వెళ్ళిన ఆర్టెమిస్ 1 యాత్రలో హెల్గా, జోహార్ అని రెండు స్త్రీ ఆకారపు బొమ్మలను కూర్చోబెట్టారు. స్త్రీలకు రొమ్ము, అండాశయాల కేన్సరు ముప్పు ఎక్కువ కనుక ఆ ఆకారాలు ఎంచుకున్నారు. జోహార్‌కు రక్షణ కవచం తొడిగారు, హెల్గాకు తొడగలేదు. నౌకలో బాగా మరుగున్న చోటికీ, మరుగు తక్కువున్న చోటికీ నాలుగు రెట్ల తేడా కనిపించింది. వాన్ అలెన్ వలయం దాటేటప్పుడు నౌక దిశను 90 డిగ్రీలు తిప్పితే మోతాదు సగానికి తగ్గింది. పెద్ద సౌర తుఫాను వచ్చినా ఆ మరుగులో 150 మిల్లీసీవర్టుల లోపే ఉంచవచ్చని లెక్కగట్టారు. చంద్రవంక గారూ, అందుకే సౌర తుఫానుకు మనం దాక్కోగలమని నా నమ్మకం.

చంద్రవంక
నౌకలో ఉంటే దాక్కోగలరు, ఒప్పుకుంటాను. అంగారకుని నేల మీద, స్థావరానికి రెండు గంటల దూరంలో బండి నడుపుతున్నవారి సంగతి నాకు ఇంకా తెగలేదు. అక్కడి పలుచని గాలి కొంత ఆపుతుంది, నేల కింద గుహ దొరికితే మరీ మేలు. మా పరిశోధనలో ముందుగా చెప్పడమనే పనికే నా వంతు శ్రమ పెడుతున్నాను. అది సాధ్యమైన రోజున నేను మీ పక్షానికి వస్తాను.

పెన్నాతీరం
ఈ ఉదయం తరగతిలో ఇదంతా చెప్పాను. నల్లబల్ల మీద పైన విశ్వకిరణాల గీత, కింద సూర్యుని ఉగ్రతను చూపే సూర్యమచ్చల గీత గీసి, ఒకటి ఎక్కితే ఒకటి దిగడం చూపించాను. ప్రశ్న అడిగిన అమ్మాయి చేతనే 1.8ని రోజులతో హెచ్చవేయించాను. హైదరాబాదు గొడుగు సంగతికి పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. గోదారి గారి పక్షమూ చంద్రవంక గారి పక్షమూ చెప్పి చేతులెత్తమంటే తరగతి దాదాపు సగం సగంగా చీలిపోయింది. ఆ అమ్మాయి మాత్రం చేయి ఎత్తలేదు. సూర్యుడు మళ్ళీ ఎప్పుడు ఉగ్రమవుతాడో చెబితే ఆలోచిస్తానని అంది.

బెలూనుదారం
సూర్యుని ఉగ్రత పెరిగి తగ్గే ఇప్పటి చక్రం 2019 డిసెంబరులో మొదలైంది. 2024 అక్టోబరులో సూర్యుడు గరిష్ఠ దశకు చేరాడని ప్రకటించారు. సగటున పదకొండేళ్ళకొకసారి కనుక వచ్చే ఉగ్రకాలం 2035 దరిదాపుల్లో వస్తుంది, రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చు. తొమ్మిదో తరగతి పిల్ల అంటే అప్పటికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి.

చంద్రవంక
మాస్టారూ, ఆ అమ్మాయిని ఈ వారమే లెక్కపెట్టడం మొదలుపెట్టమనండి. చిన్న దుర్భిణి గానీ, ఒక వైపు మూసిన బైనాక్యులర్ గానీ సూర్యుని వైపు తిప్పి, వెనుక రెండడుగుల దూరంలో తెల్ల కాగితం పట్టుకుంటే బింబమూ మచ్చలూ దాని మీద పడతాయి. రోజూ ఒకే వేళకు పెన్సిలుతో గుర్తు పెట్టి, కింద తారీఖు వేయాలి. దుర్భిణిలోనికి ఎవరూ కన్ను పెట్టకుండా మీరు పక్కనే నిలబడండి, రెండు నిమిషాలకు మించి ఎండకు ఉంచకండి, కటకాలు వేడెక్కుతాయి. మూడు నెలల కాగితాలు పోగైన తరువాత ఇక్కడ పెట్టండి, నా దగ్గరున్న లెక్కలతో పక్కపక్కన పెట్టి చూద్దాం.